నాన్నగారి స్టాండర్డ్ హెరాల్డ్: పూర్తి చేయించాలా, ఉన్నదున్నట్టు అమ్మేయాలా?

తెనాలివాసి (ప్రశ్న)

పెద్దలకు నమస్కారం. మా నాన్నగారు తెనాలిలో ప్రాక్టీసు చేసిన వైద్యులు. 1967లో ఆయన మద్రాసు వెళ్లి స్వయంగా నడుపుకుంటూ తెచ్చుకున్న స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ 2 కారు ఇప్పుడు మా పాత ఇంటి పెరట్లో, రేకుల షెడ్డు కింద, బండిగా కాక సామానుగా పడి ఉంది. చాసిస్ ఒకచోట, బాడీ రెండు ముక్కలుగా ఇంకొకచోట, ఇంజన్ గోనెపట్టా కప్పుకొని గోడవారన ఉన్నాయి. మిగిలినవన్నీ పదకొండు అట్టపెట్టెల్లోనూ నాలుగు డాల్డా డబ్బాల్లోనూ సర్ది ఉన్నాయి.

నాన్నగారు పోయిన మరుసటి ఏడు, 2019లో, విజయవాడ ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రికి ఈ పని అప్పగించాను. ఆయన పనిమంతుడే. ఫ్లోరు రేకలు పూర్తిగా మార్చాడు, చాసిస్ పక్కకొమ్ములు (బాడీని మోసే పక్క చేతులు) రెండు తుప్పు తినేసి ఉంటే కొత్తవి చేసి వెల్డింగ్ చేశాడు. ఈలోగా కరోనా వచ్చింది, తరువాత ఆయనకు ఆరోగ్యం చెడింది, షెడ్డు ఖాళీ చేయవలసి వచ్చి బండిని నా ఇంటికే రెండు ట్రిప్పుల్లో పంపించేశాడు. అప్పటికి టింకరింగుకు రూ.1,10,000, ఇంజన్ బోరుకూ ఓవర్‌సైజ్ పిస్టన్లకూ క్రాంక్ గ్రైండింగుకూ రూ.70,000, బంపర్ల క్రోమ్ ప్లేటింగుకు రూ.25,000 అయ్యాయి. పెయింటు కోసం ఇంకొకరికి ఇచ్చిన అడ్వాన్సు రూ.55,000 తిరిగి రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. మొత్తం రెండు లక్షల అరవై వేలు.

నేను హైదరాబాదులో అపార్ట్‌మెంటులో ఉంటాను, ఉన్న ఒక్క పార్కింగులో రోజూ వాడే కారు ఉంటుంది. మా తమ్ముడూ నేనూ కలిసి తెనాలి ఇల్లు అమ్మకానికి ఒప్పందం రాసుకున్నాం కనుక సంక్రాంతిలోగా షెడ్డు ఖాళీ చేయాలి. మిగిలిన పనికి మూడున్నర లక్షలూ ఎనిమిది నెలలూ పడుతుందని ఇంకొక షెడ్డు ఆయన నోటిమాటగా చెప్పాడు. మారుతి ఇంజన్ వేయించుకుంటే చౌకగా తేలిపోతుందని కూడా సలహా ఇచ్చాడు. చెన్నై నుంచి ఒకాయన ఫొటోలు చూసి, మొత్తం సామాను కలిపి లక్షా పదివేలు ఇస్తానన్నాడు. ఆర్‌సీ నాన్నగారి పేరునే ఉంది, చివరిసారి రెన్యూవల్ అయింది 1994లో. నాకు 58 ఏళ్లు. రిటైరయ్యాక ఆ బండిలో తిరగాలన్న కోరిక ఉందిగానీ, ఆ కోరిక నాదో నాన్నగారిదో నాకే తెలియడం లేదని మా ఆవిడ అంటుంది. ఇలాంటి పనులు చేయించినవారు దయచేసి చెప్పండి.

గోదావరి గ్యారేజి (జవాబు)

తెనాలివాసి గారికి, నేను రెండు ఫియట్లూ ఒక హెరాల్డూ పూర్తి చేయించినవాణ్ణి కనుక కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మొదట ఆ రెండు లక్షల అరవై వేలను లెక్కలోంచి తీసేయండి. మీరు పూర్తి చేసినా అమ్మినా అది తిరిగి వచ్చేది కాదు. ఇకముందు పెట్టే ప్రతి రూపాయికీ చేతికి ఏం వస్తుందన్నదే మీ ముందున్న ప్రశ్న. అయితే దానికి ఈ రోజు ఎవరూ నిజాయితీగా జవాబు చెప్పలేరు. మూడున్నర లక్షలన్న ఆయన కూడా అట్టపెట్టెలు విప్పి చూడకుండానే చెప్పి ఉంటాడు. విప్పదీసిన బండికి అంచనా వేయడమంటే మూట విప్పకుండా బియ్యం కొలవడమే.

హెరాల్డ్ విషయంలో ఒక సౌకర్యం ఉంది, ఒక చిక్కూ ఉంది, రెండూ ఒకే కారణం వల్ల వచ్చినవి. ఫియట్‌లో బాడీ, అడుగుభాగం ఒకటే, దీనిలో అలా కాదు. విడి చాసిస్ మీద ముందు తొట్టి, వెనక తొట్టి, టాపు, ముందుకు వాలే బానెట్టు అన్నీ బోల్టులతో బిగిస్తారు. అందుకే మీ మేస్త్రి అంత తేలికగా ఊడదీయగలిగాడు. కానీ ఆ ముక్కలన్నీ ఒకదానితో ఒకటి సరిగ్గా కలవాలంటే చాసిస్ పక్కకొమ్ములు ఉండవలసిన చోట, ఉండవలసిన ఎత్తులో ఉండాలి. మీవాటిలో రెండు కొత్తగా చేసి వెల్డింగ్ చేశారన్నారు. బాడీని చాసిస్ మీద కూర్చోబెట్టి, తలుపులు వేలాడదీసి, సందులు సరిచూసుకుంటూ ఆ వెల్డింగ్ చేశారా, లేక చాసిస్‌ను విడిగా స్టాండు మీద పెట్టి చేశారా? మొదటిదైతే మీరు సగం గట్టెక్కినట్టే. రెండోదైతే రంగు వేశాక తలుపు పడదు, అప్పుడు పెయింటూ టింకరింగూ మళ్లీ మొదటికొస్తాయి. నా హెరాల్డుకు అదే జరిగింది, డ్రైవరు వైపు తలుపు కోసం నేను రెండుసార్లు రంగు వేయించాను.

కనుక ఇప్పుడే అమ్మకమూ వద్దు, పూర్తి చేయించడమూ వద్దు. ఇద్దరు మనుషులనూ ఒక తెలిసిన మెకానిక్‌నూ పెట్టుకొని, నాలుగు రోజుల కూలి ఇచ్చి, రంగూ సీట్లూ వైరింగూ ఏమీ లేకుండా ఉత్త బాడీని చాసిస్ మీద బిగించి, చక్రాలు తగిలించి, తలుపులు పెట్టి చూడండి. పాత బోల్టులు ఎన్ని దొరికాయో, ఏవి పోయాయో కూడా అప్పుడే తేలుతుంది. చక్రాల మీద నిలబడి తోస్తే కదిలే బండికీ అట్టపెట్టెల్లోని బండికీ బేరంలో తేడా చాలా ఉంటుంది. అమ్మదలచినా మీరు నష్టపోరు.

చక్రాలు తగిలించేటప్పుడు ఇంకొకటి చూడండి. ముందు చక్రాల దగ్గర, నిలువు కడ్డీ అడుగున మరలు ఉన్న కంచు ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ మరల్లోనే తిరుగుతుంది. దానికి గ్రీజు కాదు, 90 నంబరు గేరు ఆయిల్ పట్టించాలని కంపెనీవారే చెప్పారు. మన దగ్గర అందరూ గ్రీజే కొట్టారు. గ్రీజు గట్టిపడి, లోపల నీరు చేరి, కడ్డీ తుప్పుపట్టి, ఒక రోజు మలుపులో చక్రం పక్కకు వాలిపోతుంది. మీవి ఊడదీసి గుడ్డతో తుడిచి మరల దగ్గర గుంటలు పడ్డాయేమో వెలుతురులో చూడండి. గుంటలుంటే మార్చడం తప్ప మార్గం లేదు.

ఇంజన్ అయిదేళ్లుగా కదలకుండా ఉంటే, ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి, రెండు రోజులు నానబెట్టి చేత్తో తిప్పండి. సెల్ఫ్ మాత్రం కొట్టకండి.

చెన్నపట్నం నుంచి (జవాబు)

పై మిత్రులు చెప్పిన పరీక్ష మంచిదే, కానీ నా అభిప్రాయం వేరు. అమ్మేయండి.

నేను ఇక్కడ చెన్నైలో ఇరవై ఏళ్లుగా ఇవే బండ్లతో తంటాలు పడుతున్నాను. ఈ ఊళ్లోనే తయారైన బండి కనుక పాత విడిభాగాల బజారు పుదుపేటలో వెతికితే ఇప్పటికీ అప్పుడప్పుడు ఒక గేరు బాక్సో ఒక వెనక కమాను పట్టో కంటబడుతుంది. ఇంగ్లండులో మన హెరాల్డుకు మూలమైన ట్రయంఫ్ హెరాల్డుకు ఇంకా విడిభాగాలు తయారుచేసి అమ్మేవారున్నారు కనుక ట్రనియన్లు, బ్రేకు రబ్బర్లు, గాస్కెట్లు తపాలాలో తెప్పించుకోవచ్చు, కస్టమ్స్ సుంకం కలిపి ఎంత పడుతుందో ముందే లెక్క వేసుకోవాలి. డబ్బుతో దొరకనివి ఇక్కడివారు ఇక్కడి బండికి మాత్రమే చేసినవి, అంటే మార్కులు (పేరు బిళ్లలు), ముందు జల్లెడ (గ్రిల్), కొన్ని దీపాల అద్దాలు. మీ పెట్టెల్లో అవి ఉన్నాయా లేవా అన్న దాని మీదే మీ సామాను ధర నిలుస్తుంది. ఆ చెన్నై ఆయన లక్షా పదివేలు అన్నాడంటే ఫొటోల్లో వాటిని చూసే ఉంటాడని నా ఊహ. వాటిని విడిగా పేర్చి ఫొటో తీసి ఉంచుకోండి, ఎవరికీ విడిగా అమ్మకండి.

ఇక అసలు మాట. బండి తెనాలిలో, మీరు హైదరాబాదులో, పని విజయవాడలో. వారానికి ఒక్కసారైనా షెడ్డుకు వెళ్లి నిలబడకపోతే ఈ పని ముందుకు నడవదు, ఆ సంగతి మీకు ఇదివరకే అనుభవమైంది. మీరు కోరుకునేది నడిపే ఆనందమే అయితే, ఇంకొకరు పూర్తి చేసి విసిగిపోయిన హెరాల్డ్ ఒకటి మీ మూడున్నర లక్షలకు అటూ ఇటూగా దొరకవచ్చు. అది నాన్నగారి బండి కాదన్నది నిజమే.

ఒకప్పుడు అమ్మినవాణ్ణి (జవాబు)

నేను సగం పనిలో ఉన్న ఫియట్‌ను ఇలాగే అమ్మాను. పూర్తి చేసి ఫొటో పంపుతానని తీసుకెళ్లిన ఆయన, తలుపులూ డ్యాష్‌బోర్డూ తన బండికి వాడుకొని మిగిలిన బాడీని కిలోల లెక్కన వేసేశాడు. ఆయనను తప్పుపట్టను, డబ్బిచ్చి కొనుక్కున్నాడు. మీ సామానుకు కూడా ఆ గతి పట్టే అవకాశం సగానికి సగం ఉంది. అది తెలిసీ నిద్రపట్టేటట్టయితే అమ్మండి.

కాగితాల పని (జవాబు)

ఎవరూ కాగితాల సంగతి ఎత్తలేదు కనుక రాస్తున్నాను. బండి అమ్మాలన్నా ఉంచుకోవాలన్నా ముందు అది మీ పేరున మారాలి. యజమాని చనిపోయినప్పుడు వారసుడి పేరుకు మార్చడానికి ఫారం 31 ఉంది. దానితో పాటు మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మీ తమ్ముడుగారి అంగీకారం సిద్ధం చేసుకోండి. 1989కి ముందటి మూడక్షరాల నంబరు కనుక రికార్డు కంప్యూటరులోకి ఎక్కకపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు పాత రిజిస్టరు వెతికించి నమోదు చేయించాలి, దానికి ఒకటికి నాలుగుసార్లు తిరగవలసి వస్తుంది. ఈ పని బండి పెట్టెల్లో ఉండగానే మొదలుపెట్టవచ్చు. రెన్యూవల్ మాత్రం అలా కుదరదు, ఇన్‌స్పెక్టరు బండిని చూడాలి.

యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాలకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. క్లబ్బుల వాళ్లు వింటేజ్ అనే మాటను రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి బండ్లకే వాడతారు, ఈ నిబంధనల ప్రకారం మాత్రం మీ 1967 హెరాల్డ్ కూడా వింటేజే. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది, ఇప్పటికే రిజిస్టరైన బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. అయితే ఆ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ పెట్రోలు పోయించడానికీ మరమ్మతుకూ మాత్రమే రోడ్డెక్కాలి. రిటైరయ్యాక కూరగాయల మార్కెట్టుకు వెళ్లాలన్నది మీ ఆలోచనైతే, అయిదేళ్లకోసారి రెన్యూవల్ చేసుకునే మామూలు ఆర్‌సీయే మేలు. చాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పులు చేసిన బండి వింటేజ్ కిందకు రాదు కనుక, ఆ మారుతి ఇంజన్ సలహాను అక్కడే వదిలేయండి.

తెనాలివాసి

అందరికీ కృతజ్ఞతలు. గోదావరి గ్యారేజి గారు చెప్పినట్టు గత వారం సెలవు పెట్టి తెనాలి వెళ్లి, ఇద్దరు కుర్రాళ్లనూ మా వీధి మెకానిక్‌నూ పెట్టుకొని బాడీ ఎక్కించాను. మూడు రోజులు పట్టింది, కూలికీ బోల్టులకూ కలిపి రూ.8,400 అయింది. డాల్డా డబ్బాల మీద మేస్త్రి సుద్దముక్కతో వేసుకున్న గీతల అర్థం ఎవరికీ తెలియలేదు. ఆయనకు ఫోను చేస్తే, మంచం మీద నుంచే, ఒక గీత అంటే ముందు తొట్టి, రెండు గీతలంటే వెనక తొట్టి, సున్నా అంటే టాపు అని చెప్పాడు.

కుడి తలుపు సవ్యంగా పడింది. ఎడమ తలుపు పడుతుంది గానీ వెనక అంచున పైన సందు 11 మిల్లీమీటర్లు, కింద 4 మిల్లీమీటర్లు ఉంది. ట్రనియన్లు ఒకవైపు శుభ్రంగా ఉన్నాయి, రెండోవైపు మరలు గుంటలు పడ్డాయి. ఇంజన్ చేతికి తిరిగింది. మార్కులూ జల్లెడా పెట్టెల్లో ఉన్నాయి, ఎడమ వెనక దీపం అద్దం లేదు.

చెన్నై ఆయనకు సంక్రాంతి దాకా ఆగమని చెప్పాను. ఫారం 31 పని మొదలైంది. తమ్ముడు తన స్నేహితుడి రైసుమిల్లు గోడౌనులో ఏడాదిపాటు చోటు ఇప్పించాడు. లక్ష రూపాయలు పక్కన పెట్టాను, ఇంజన్ ఎక్కించి బ్రేకులు పట్టించి బండి తన కాళ్ల మీద తాను కదిలేదాకా అంతవరకే ఖర్చు పెడతాను. ఆ తరువాత రంగుకు ముందు మళ్లీ ఇక్కడే అడుగుతాను. ఇప్పటికి నా సందేహం ఒక్కటే. ఆ ఎడమ తలుపు కోసం కొత్త కొమ్మును కోసి మళ్లీ వెల్డింగ్ చేయించాలా?

గోదావరి గ్యారేజి

తొందరపడి కోయించకండి. ఎడమ వైపు, తలుపు వెనక భాగం కిందకు వచ్చే కొమ్ము దగ్గర బాడీ బోల్టు వదులు చేసి, బాడీకీ చాసిస్‌కూ మధ్య ఎత్తు సరిచేయడానికి పెట్టే పలుచని పలకలు ఎన్నో లెక్కపెట్టండి, కుడి వైపు అదే చోట ఎన్ని ఉన్నాయో చూడండి. కొత్త కొమ్ము చేసినప్పుడు పాత పలకలు తిరిగి పెట్టి ఉండరని నా అనుమానం. ఒక్కొక్క పలక పెడుతూ, తీస్తూ, తలుపు వేసి చూస్తూ పోండి, సందు ఎటు కదులుతుందో మీకే తెలుస్తుంది. పై సందూ కింది సందూ రెండు మిల్లీమీటర్ల తేడాలోకి వస్తే ఇక వెల్డింగు జోలికి పోవద్దు. కంపెనీ నుంచి వచ్చిన రోజున కూడా హెరాల్డ్ తలుపులు అంతకన్నా బాగా పడలేదు. పెట్రోలు గొట్టాలూ పంపు డయాఫ్రమూ మార్చేటప్పుడు ఇథనాలుకు తట్టుకునేవే అడిగి తీసుకోండి, ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలుకు పాత రబ్బరు నిలవదు.