ఆట మానేసిన లాత్వియా గోలీ ఇర్బె మీద జనానికి ఇంకా ఇంత పిచ్చేటి?

పర్లాకిమిడి_గోలీ:
ఒడిశాలో హాకీ అంటే సుందర్‌గఢ్ వాళ్లదే. మా గజపతి జిల్లాలో గోల్‌లో నిలబడేవాడే దొరకడు, అందుకే కాలేజీలో నన్ను నిలబెట్టేశారు. శ్రీజేష్ సేవ్‌లు చూస్తుంటే యూట్యూబ్ తీసుకెళ్లి ఐస్ హాకీలో పడేసింది. ఆర్తుర్స్ ఇర్బె అని లాత్వియా రాజధాని రీగా మనిషి, పుట్టింది 1967లో. ఎప్పుడో ఆట మానేశాడు. అయినా ఆ పాత క్లిప్పుల కింద కామెంట్లు చూస్తే నిన్ననే మ్యాచ్ ఆడొచ్చినట్టున్నాయి. ఆ ప్యాడ్లు చూశారా? తెలుపంతా పోయి, నల్లటి మరకలు, అతుకు మీద అతుకు. మిగతా గోలీలవి రంగురంగుల మాస్కులు, ఇతనిది మాత్రం తెల్ల హెల్మెట్‌కి ముందు కమ్మీల జాలీ. దీనికేనా ఈ అభిమానం? అంకెల్లో ఇతన్ని మించిన గోలీలు బోలెడుమంది కదా.

గుణుపురం_పీఈటీ:
తమ్ముడూ, అంకెలు తర్వాత, ముందు ఏ టీమ్‌కి ఆడాడో చూడు. 1992-93లో ఎన్‌హెచ్‌ఎల్‌లో (అమెరికా-కెనడా ఐస్ హాకీ లీగ్) అతని టీమ్ సాన్ హోసే షార్క్స్ 84 మ్యాచుల్లో 11 గెలిచి 71 ఓడింది. మరుసటేడు ఇర్బె 74 మ్యాచులు ఆడాడు. ప్లేఆఫ్స్‌కి, అంటే నాకౌట్ రౌండ్లకి, ఎనిమిదో సీడ్‌గా (ఎనిమిదో ర్యాంకుతో) వెళ్లి, టాప్ సీడ్ డెట్రాయిట్‌ని వాళ్ల ఊళ్లోనే, సిరీస్ తేల్చే ఏడో మ్యాచ్‌లో 3-2తో ఓడించారు. అప్పుడు అది చూసిన పిల్లలే ఇప్పుడు ఫోన్ పట్టుకున్న నాన్నలు. కామెంట్లు వాళ్లవే.

రాయగడ_రైల్వే_కోటర్స్:
అంత సెంటిమెంటేం లేదు, ఇదంతా గుంపు పని. 2015 ఎన్‌హెచ్‌ఎల్ ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఆటగాళ్లని అభిమానులు ఎన్నుకునే ఓటింగ్‌లో ఫస్టొచ్చింది ఎవరనుకున్నారు? లాత్వియా ఆటగాడు జెమ్‌గుస్ గిర్గెన్సన్స్, 15 లక్షల పైచిలుకు ఓట్లు. అప్పుడు ఆడేదేమో లీగ్‌లో అట్టడుగున ఉన్న బఫలో టీమ్‌కి. లాత్వియా జనాభా 20 లక్షల్లోపే, మన పాత శ్రీకాకుళం జిల్లా అంత కూడా లేదు. ఒక్కొక్కరు ఎన్నోసార్లు ఓటెయ్యొచ్చంటే ఊరుకుంటారా, దేశమంతా కూర్చుని నొక్కేసింది. ఇర్బె కామెంట్లూ ఆ బాపతే.

పర్లాకిమిడి_గోలీ:
కోటర్స్ అన్నా, గిర్గెన్సన్స్ సంగతి సరే. కానీ నేను చూసిన కామెంట్లలో చాలావరకు సాన్ హోసే, కరోలినా వాళ్లవి. లాత్వియాతో వాళ్లకేం పని? 2002లో ఇతని తర్వాతి టీమ్ కరోలినా ఎన్‌హెచ్‌ఎల్ ఫైనల్‌కెళ్లినప్పుడు గోల్‌లో ఉన్నది ఇతనే, అది రాస్తున్నారు. లాత్వియా వాళ్లు రాసేది వేరే మ్యాచ్ గురించి: 2000 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రష్యాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనే 3-2తో కొట్టింది. లాత్వియా ఇంకా సోవియట్ యూనియన్‌లో భాగంగా ఉన్న 1991లో, సోవియట్ జట్టుకి ఆడనని తెగేసి చెప్పినవాడే ఆ రోజు లాత్వియా గోల్‌లో ఉన్నాడు. ఇది తెలిశాక నాకు కోటర్స్ అన్న లెక్క అస్సలు కుదరట్లేదు.

రాయగడ_రైల్వే_కోటర్స్:
ఆ రష్యా మ్యాచ్ సంగతి నాకు తెలీదు. లింకుంటే పడెయ్.

గుణుపురం_పీఈటీ:
నాక్కూడా. అన్నట్టు, ఆ ప్యాడ్ల అతుకులు అతను సొంతంగా కుట్టుకున్నవే. మీ కాలేజీ వాళ్లు కొత్తవి కొంటారని కూర్చోకు, చెప్పులు కుట్టేవాడి దగ్గరికెళ్లు.