హంతకురాలు, ఆమె గురువు: ఆ బంధమే అసలు కథగా ఉన్న సినిమాలు చెప్పగలరా?

మార్టిన్ క్యాంప్‌బెల్ తీసిన 'ద ప్రొటెజే' (2021) చూశాను. వియత్నాంలో చిన్నపిల్లగా దొరికిన అన్నాను మూడీ అనే కిరాయి హంతకుడు చేరదీసి పెంచుతాడు, తన పనే నేర్పిస్తాడు. మ్యాగీ క్యూ, శామ్యూల్ ఎల్. జాక్సన్ కలిసి ఉన్న సీన్లు నాకు విపరీతంగా నచ్చాయి. అతని పుట్టినరోజుకి ఆమె గిటార్ ఇచ్చే సీన్ ఒక్కటి చాలు, వాళ్ల మధ్య ఎన్నేళ్ల నమ్మకం ఉందో తెలిసిపోతుంది. కానీ కాసేపటికే కథ పగ వైపు మళ్లిపోతుంది, మూడీ చాలాసేపు తెరమీద కనిపించడు. మైకేల్ కీటన్ బాగా చేశాడు, అయినా నా మనసు ఆ ఇద్దరి దగ్గరే ఆగిపోయింది.

'నికీటా' (1990), 'లియాన్' (1994), 'హన్నా' (2011) చూసేశాను. 'నికీటా'లో నేర్పించేవాడు ప్రభుత్వం మనిషి, అక్కడ ప్రేమ కన్నా అదుపు ఎక్కువ. 'హన్నా'లో అడవిలో శిక్షణ అద్భుతం, కానీ ఇద్దరూ తొందరగా విడిపోతారు.

గురువు చివరిదాకా కథలో ఉండాలి. పసిపిల్లకి చంపడం నేర్పించినందుకు అతను జవాబు చెప్పుకోవాల్సి వస్తే ఇంకా మంచిది. చాలా సినిమాలు ఆ ప్రశ్న జోలికే వెళ్లవు, నాకు అదే ముఖ్యం. గురువు కూడా స్త్రీ అయినా సరే. కొరియన్, ఫ్రెంచ్, చైనీస్ ఏ భాషైనా పర్లేదు, సబ్‌టైటిల్స్‌తో చూస్తాను. ముగింపు చెప్పకుండా, మీకు ఎందుకు నచ్చిందో రెండు ముక్కలు రాయండి, ప్లీజ్.