పాత కారు హీటర్ నుంచి గోరువెచ్చని గాలే వస్తోంది: హీటర్ కోర్ మార్చక తప్పదా?

ప్రశ్న, మినియాపొలిస్ నుంచి

అందరికీ నమస్కారం. మా దగ్గర 2004 నాటి నాలుగు సిలిండర్ల పెట్రోలు సెడాన్ ఉంది. వేసవిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం కాబట్టి దీని హీటర్ సంగతి ఈ చలికాలంలోనే తెలిసివచ్చింది. బయట మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ ఉన్న ఉదయాల్లో ఎంత దూరం నడిపినా గోరువెచ్చని గాలే తప్ప వేడి గాలి రావడం లేదు. ఫ్యాన్ అన్ని వేగాల్లోనూ బలంగా తిరుగుతోంది, గాలికి లోటు లేదు. హైవే మీద వెళ్తున్నంతసేపు ఆ గాలి కాస్త వేడిగానే ఉంటుంది కానీ, ఊళ్లోకి వచ్చి సిగ్నల్ దగ్గర ఆగిన కొద్దిసేపటికే చల్లబడిపోతుంది. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు డ్యాష్‌బోర్డ్ వెనక నుంచి నీళ్లు గలగలమన్న చప్పుడు కూడా వినిపిస్తోంది. ఇంజిన్ ఉష్ణోగ్రత చూపించే ముల్లు దాదాపు మధ్యలోనే నిలుస్తోంది, బోనెట్ కింద ఉన్న ప్లాస్టిక్ సీసాలో కూలెంట్ రెండు గీతల మధ్యనే ఉంది.

మా వీధి చివర ఉన్న గ్యారేజీలో చూపిస్తే, హీటర్ కోర్ పూడుకుపోయిందనీ, దాన్ని మార్చాలంటే డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలనీ చెప్పారు. వాళ్లు చెప్పిన ఖర్చు కారు విలువలో సగానికి దగ్గరగా ఉంది. వెనక సీటులో చంటిబిడ్డను కూర్చోబెట్టుకుని వెళ్లాల్సిన కారు కాబట్టి, ముందు అద్దం మీది మంచు కూడా సరిగా కరగడం లేదు కాబట్టి, వాయిదా వేయడానికి లేదు. అంత ఖర్చుకు సిద్ధపడే ముందు ఇంటి దగ్గర నేను స్వయంగా పరీక్షించి తేల్చుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా? మామూలు పనిముట్లు ఉన్నాయి, ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు మార్చుకునేంత అలవాటు ఉంది.

జవాబు, డెట్రాయిట్ నుంచి

మీరు లక్షణాలను ఇంత వివరంగా రాయడం వల్ల సగం పని అయిపోయింది. డ్యాష్‌బోర్డ్ జోలికి ఇప్పుడే పోవద్దని నా గట్టి సలహా. హీటర్ కోర్ పూడుకుపోయినా మీరు చెప్పిన లక్షణాల్లో కొన్ని కనిపిస్తాయి కాబట్టి గ్యారేజీవారి అనుమానం పూర్తిగా నిరాధారమైనది కాదు. అయితే ఆ గలగల చప్పుడును బట్టి చూస్తే, కూలెంట్ తగ్గి హీటర్ కోర్‌లో గాలి చేరి ఉండే అవకాశమే ఎక్కువ.

కారులోని వేడికి వేరే పొయ్యి ఏదీ లేదు. ఇంజిన్‌ను చల్లబరచడానికి తిరిగే కూలెంట్‌లో కొంత భాగం రెండు రబ్బరు గొట్టాల ద్వారా డ్యాష్‌బోర్డ్ వెనక ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వెళ్లివస్తుంది. అదే హీటర్ కోర్. ఫ్యాన్ గాలి దాని మీదుగా వచ్చి వేడెక్కుతుంది. చాలా కార్లలో ఇది కూలెంట్ తిరిగే మార్గంలో ఎత్తైన చోట ఉంటుంది కాబట్టి, కూలెంట్ తగ్గితే ముందుగా గాలి చేరేది ఇక్కడే. హైవే మీద ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు వాటర్ పంపు కూలెంట్‌ను బలంగా నెట్టగలుగుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ నెమ్మదించగానే ఆ బలం చాలక, గాలి బుడగ అడ్డుపడి, ప్రవాహం దాదాపు ఆగిపోతుంది. మీకు ఎదురవుతున్నది సరిగ్గా ఇదే.

థర్మోస్టాట్ మూసుకోకుండా తెరుచుకునే ఉండిపోతే లక్షణాలు ఇందుకు తలకిందులుగా ఉంటాయి. థర్మోస్టాట్ సుమారు 82 నుంచి 91 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి, అంతవరకు కూలెంట్‌ను పెద్ద రేడియేటర్‌లోకి పోనివ్వకూడదు. అది ఎప్పుడూ తెరుచుకునే ఉంటే హైవే మీద చలిగాలి రేడియేటర్‌కు కొట్టి ఇంజిన్ మరింత చల్లబడుతుంది, ఆగి ఉన్నప్పుడే కాస్త వేడెక్కుతుంది. చలిదేశాల్లో హీటర్ పని చేయకపోతే అందరూ మొదట థర్మోస్టాట్‌నే మార్చేస్తారు. అది చవకైన భాగమే అయినా, మీ విషయంలో తొలి అనుమానం దాని మీద పెట్టుకోనక్కర్లేదు.

ఇక ఆ ముల్లును మరీ నమ్మవద్దు. చాలా కార్లలో అసలు ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు అటూ ఇటూ మారినా ముల్లు మధ్యలో కదలకుండా ఉండేలా తయారు చేస్తారు. పైగా ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ చుట్టూ కూలెంట్ బదులు గాలి ఉంటే అది తప్పుడు లెక్క చెబుతుంది. అమెరికాలో 1996 నుంచి అమ్మిన కార్లన్నిటికీ కారు కంప్యూటర్‌లోని సమాచారం చదవడానికి వాడే ఓబీడీ-2 సాకెట్ స్టీరింగ్ కింద ఉంటుంది. ఒక చిన్న స్కానర్ తగిలిస్తే కూలెంట్ ఉష్ణోగ్రత అంకెల్లో కనిపిస్తుంది. కొంతదూరం నడిపాక 85 నుంచి 95 డిగ్రీల మధ్య స్థిరంగా ఉంటే థర్మోస్టాట్ బాగున్నట్టే. పీ0128 అనే కోడ్ నమోదై ఉంటే మాత్రం ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదని కారే చెబుతున్నట్టు లెక్క.

ముందుగా చేయవలసిన పని ఇది. రాత్రంతా నిలిపి ఉంచిన కారు పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, మీ కారు రేడియేటర్‌కే మూత ఉంటే, ఆ మూత తీసి లోపల కూలెంట్ మెడ వరకు ఉందో లేదో చూడండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ దాన్ని తీయకూడదు, ఒత్తిడితో ఉన్న కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ సీసాలో నిండుగా ఉన్నంత మాత్రాన రేడియేటర్‌లో నిండుగా ఉన్నట్టు కాదు. మూతలోని రబ్బరు పాడైనా, ఎక్కడైనా సన్నగా కారుతున్నా, చల్లబడేటప్పుడు రేడియేటర్ సీసాలోని కూలెంట్‌ను వెనక్కి లాక్కోలేదు. అప్పుడు సీసా గీతల మధ్యే ఉంటుంది, లోపల మాత్రం ఖాళీ అవుతూ ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

రెండో పరీక్ష ఇంజిన్ బాగా వేడెక్కాక చేయాలి. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న ఇనుప గోడలోకి వెళ్లే ఆ రెండు గొట్టాలనూ జాగ్రత్తగా తాకి చూడండి. తిరిగే బెల్టుకు చేయీ స్వెటర్ అంచూ తగలకుండా చూసుకోవాలి. రెండూ బాగా వేడిగా ఉంటే కూలెంట్ బాగానే తిరుగుతోందని, లోపం గాలి వైపు ఉందని అర్థం. ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయి ఉండాలి, గాలి అడ్డుపడి ఉండాలి, లేదా కొన్ని కార్లలో ఆ గొట్టం మీద ఉండే వాల్వు తెరుచుకోకపోయి ఉండాలి. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ తక్కువైనా అయి ఉండాలి, పంపు అయినా అరిగి ఉండాలి.

జవాబు, షికాగో నుంచి

డెట్రాయిట్ మిత్రులు చెప్పిన గొట్టాల పరీక్ష ఎంత విలువైనదో మా పాత వ్యాన్ విషయంలో చూశాను. రెండు గొట్టాలూ చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా లోపల చల్లటి గాలే వచ్చేది. వేడి గాలినీ చల్లగాలినీ కలిపే పలకను బ్లెండ్ డోర్ అంటారు. దాన్ని తిప్పే చిన్న మోటారులోని ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగిపోయి, పలక చల్లగాలి వైపే ఉండిపోయింది. వేడి మీట తిప్పినప్పుడల్లా డ్యాష్‌బోర్డ్ లోపల టిక్కుటిక్కుమని చప్పుడు వచ్చేది. గ్లోవ్ బాక్స్ విప్పితే మోటారు అందింది, మార్చడంతో హీటర్ మామూలుగా పని చేసింది. మీ కారులో ఆగినప్పుడు, కదిలినప్పుడు తేడా ఉంది కాబట్టి ఇది కారణం కాకపోవచ్చు. అయినా ఇదే ప్రశ్నతో ఇక్కడికి వచ్చేవారికి ఉపయోగపడుతుందని రాశాను. అలాగే, గాలి వేడిగానే ఉన్నా బలహీనంగా వస్తుంటే క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఆకులు, దుమ్ము పట్టి అది పూర్తిగా మూసుకుపోయిన పాత కార్లు చాలా ఉంటాయి. ఫ్యాన్ ఆఖరి వేగంలో మాత్రమే తిరుగుతుంటే దాని వేగాన్ని తగ్గించే రెసిస్టర్ అనే భాగం పోయిందని అనుకోవచ్చు.

జవాబు, విన్నిపెగ్ నుంచి

కూలెంట్ తక్కువగా ఉందని తేలితే, పోసే ముందు కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. మా ఊరి చలి మీ ఊరి చలికంటే తక్కువేమీ కాదు, ఇక్కడ చాలా పార్కింగ్ స్థలాల్లో నిలిపి ఉన్న ఇంజిన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ తగిలించుకోవడానికి కరెంటు సాకెట్లు ఉంటాయి.

ముందుగా ఉన్న కూలెంట్ గాఢతను కొలవండి. విడిభాగాల దుకాణాల్లో దొరికే చిన్న హైడ్రోమీటర్ చాలు. కూలెంట్‌లో గడ్డకట్టకుండా ఆపే ద్రవమైన ఇథిలీన్ గ్లైకాల్, నీరు సగం సగం ఉంటే మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ వరకు గడ్డకట్టదు. పాత యజమాని వేసవిలో తగ్గినప్పుడల్లా ఉత్త నీళ్లు పోసి ఉంటే, ఆ మిశ్రమం మీ చలికి మెత్తటి మంచు ముద్దగా మారి సన్నటి దారులను మూసేస్తుంది, అప్పుడూ హీటర్ పని చేయదు. గాఢత పెరిగేకొద్దీ మేలని అనుకోవడమూ తప్పే. సుమారు 70 శాతం దాటితే రక్షణ మళ్లీ తగ్గుతుంది. ఒక్క చుక్క నీరు కలపని గ్లైకాల్ దాదాపు మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది, పైగా వేడిని నీరంత బాగా మోయలేదు. రంగు చూసి కూలెంట్ కొనవద్దు. ఆకుపచ్చ, ఎరుపు, నారింజ రంగులకు అన్ని కంపెనీలూ పాటించే నియమం ఏదీ లేదు, కారు మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉంటే అదే పోయాలి.

పోయడం కంటే గాలి తీయడం ముఖ్యం. కారు ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలిపి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, రేడియేటర్ మెడలో బిగుతుగా కూర్చునే గరాటు పెట్టి, చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయండి. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు బుడగలు ఒక్కసారిగా వస్తాయి, మట్టం తగ్గుతుంది, తగ్గినంతా పోస్తూ ఉండాలి. బుడగలు ఆగి, లోపల వేడిగాలి నిలకడగా వచ్చాక ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి మూత పెట్టండి. మర్నాడు ఉదయం మళ్లీ చూడాలి, లోపల మిగిలిన గాలి బయటపడి ఇంకొంత తగ్గి ఉంటుంది. గాలి వదిలే స్క్రూ ఉన్న ఇంజిన్ అయితే దాన్నీ వాడుకోవాలి.

ఇదంతా ఆరుబయటే చేయండి. చలికి తట్టుకోలేక గ్యారేజీ తలుపు మూసి ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో నేల మీద ఒలికిన చుక్కను కూడా వెంటనే తుడిచేయాలి. ఇంకొక మాట: కారడం ఆగుతుందని చెప్పి అమ్మే పొడులూ ద్రవాలూ రేడియేటర్‌లో పోయవద్దు. అవి చిల్లును మూసినా మూయకపోయినా, హీటర్ కోర్‌లోని సన్నటి గొట్టాలను మాత్రం మూసేయగలవు. అప్పుడు నిజంగానే డ్యాష్‌బోర్డ్ విప్పాల్సి వస్తుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన వరుసలోనే చూశాను. చల్లటి ఇంజిన్ మీద మూత తీస్తే లోపల కూలెంట్ కనిపించలేదు, సీసాలో మాత్రం ఎప్పటిలాగే గీతల మధ్య ఉంది. మూత లోపలి రబ్బరు ఎండి పగిలి ఉంది. వేడెక్కాక చూస్తే ఒక గొట్టం వేడిగా, రెండోది చల్లగా ఉంది. గాఢత సరిపోయినంత ఉందని హైడ్రోమీటర్ చూపింది. మాన్యువల్‌లో రాసిన రకం లీటరుకు పైగా పట్టింది. కొత్త మూత పెట్టి, విన్నిపెగ్ మిత్రులు చెప్పినట్టు గాలి తీశాక రెండు గొట్టాలూ సమానంగా వేడెక్కాయి, చప్పుడు పోయింది, సిగ్నల్ దగ్గర ఆగినా వేడిగాలి తగ్గడం లేదు.

అయితే కూలెంట్ ఎటు పోయిందన్న ప్రశ్న మిగిలింది. కింద నేల మీద మడుగు లేదు. వాటర్ పంపు అడుగున గులాబీ రంగు పొడి పేరుకుని ఉంది. ఇలాగే నడపవచ్చా?

జవాబు, డెట్రాయిట్ నుంచి

సంతోషం. హీటర్ కోర్ నిర్దోషి అని తేలింది. ఆ గులాబీ పొడి ఎండిపోయిన కూలెంటే. పంపు లోపలి సీలు పాడైనప్పుడు కారేది బేరింగ్‌లోకి పోకుండా బయటికి రావడానికి అడుగున ఒక చిన్న రంధ్రం పెడతారు. ఇంజిన్ వేడికి చుక్కలు ఆరిపోతాయి కాబట్టి నేల మీద మడుగు కనిపించదు. పాతబడిన మూత ఒత్తిడి నిలపలేక కొంత ఆవిరైపోయి ఉండొచ్చు, కానీ పంపు మీద గుర్తు ఉంది కాబట్టి దాన్ని మార్చాల్సిందే. కొత్త పంపు వేయించేదాకా ప్రతి ఉదయం చల్లటి ఇంజిన్ మీద మట్టం చూసుకుంటూ, ఊళ్లో దగ్గరి ప్రయాణాలకు మాత్రమే వాడండి. బేరింగ్ వదులై పంపు నుంచి గరగర శబ్దం మొదలైతే ఇక నడపవద్దు. మీ ఇంజిన్‌లో పంపును తిప్పేది టైమింగ్ బెల్టే అయితే, ఎలాగూ విప్పుతారు కాబట్టి బెల్టు కూడా కొత్తది వేయించండి, రెండోసారి కూలీ ఇవ్వనక్కర్లేదు. కూలెంట్ ఎలాగూ పోతుంది కనుక థర్మోస్టాట్‌నూ అప్పుడే మార్చమనండి.

పంపు మార్చాక కూడా మట్టం తగ్గుతూనే ఉంటే రెండు చోట్ల వెతకాలి. ముందు సీటులో డ్రైవర్ పక్కవారి కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉండి, తీపి వాసన వేసి, అద్దం లోపలివైపు జిడ్డు పొర కడితే హీటర్ కోర్ కారుతున్నట్టు. అవేవీ లేకుండా పొగగొట్టం నుంచి ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ వస్తుంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలును, అంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి పదార్థం కనిపించగానే కంగారు పడవద్దు, చలికాలంలో దగ్గరి ప్రయాణాలే చేసే కార్లలో చెమ్మ చేరి అలా అవుతుంది. హెడ్ గ్యాస్కెట్ సంగతి తేల్చడానికి ఒక పరీక్ష ఉంది: రేడియేటర్ మెడ దగ్గర పెట్టే రసాయన ద్రవం ఇంజిన్‌లో మండిన వాయువు తగిలితే నీలం నుంచి పసుపుకు మారుతుంది. ఏ నిర్ణయమైనా ఆ పరీక్ష చేయించాకే తీసుకోండి.