రావిశాస్త్రి, చాసో చదివేవాళ్లకి 'నెవర్‌వేర్' ఎలా ఎక్కుతుంది?

అయ్యకోనేరు గట్టు (విజయనగరం):
నా చదువంతా చాసో, రావిశాస్త్రి, కారా. ఈ నెల మా చదువరులంతా కలిసి నీల్ గైమన్ ఫాంటసీ నవల 'నెవర్‌వేర్' ఇంగ్లీషులో చదవాలనుకున్నాం. ఎలకలతో మాట్లాడేవాళ్లు వచ్చేసరికి ఆగిపోయాను. ఎక్కడ పట్టుకోవాలి?

నాగావళి (శ్రీకాకుళం):
ముందు లండన్ భూగర్భ రైళ్ల మ్యాపు ఫోన్లో దింపుకోండి మాస్టారూ. గుట్టంతా స్టేషన్ల పేర్లలో ఉంది. ఎర్ల్స్ కోర్ట్‌లో నిజంగానే ఓ ఎర్ల్ (జమీందారు లాంటి ప్రభువు) రైలుపెట్టెలో కొలువుదీరి ఉంటాడు. నైట్స్‌బ్రిడ్జ్ పేరు ముందు పలకని 'కె' ఒకటుంటుంది కదా, దాన్ని తీసేస్తే వీరుడి వంతెన రాత్రి వంతెన అయిపోతుంది. చెవికి రెండూ ఒకటే. ఆ వంతెన మీద చీకటే మనుషుల్ని పట్టుకుపోతుంది. మన విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర ముగ్గురు లాంతర్లు పట్టుకుని కాపలా కాస్తున్నారనుకోండి, అదీ పద్ధతి. పేరు కనబడగానే అక్షరాలా అర్థం చెప్పుకోండి.

గంటస్తంభం:
మ్యాపు తర్వాత. రావిశాస్త్రి చదివినవారికి దారి వేరే ఉంది. కథానాయకుడు రిచర్డ్ రోడ్డు మీద నెత్తురోడుతున్న పిల్లని ఇంటికి తెచ్చాడు. అంతే, ఆఫీసులో అతని బల్ల తీసేశారు. అతను స్నానాల తొట్టిలో ఉండగానే ఏజెంటు కొత్తవాళ్లకి ఆ ఇల్లు చూపిస్తాడు, ఎవరికీ అతను కనబడడు. ఆ సీను రెండుసార్లు చదవండి. ఊరి కంటికి ఆనని మనుషుల కథ ఇది. రిచర్డ్‌కీ ఊరి అడుగున దాగున్న ఆ 'కింది లండన్' గురించి ఏమీ తెలీదు, కాబట్టి ఆ లోకం రూల్సన్నీ ముందే తెలియాలని పట్టుబట్టకండి. చాలామంది ఆగిపోయేది అక్కడే.

నాగావళి:
అది నిజమే. ఇంకో చిక్కుంది. 1996లో బీబీసీ సీరియల్‌గా వచ్చిన కథనే అదే ఏడు నవల చేశారు. అందుకే ఉన్నట్టుండి సీను తెగి క్రూప్, వాండెమార్ అనే ఇద్దరు కిరాయి హంతకుల దగ్గరికి దూకుతుంది. క్రూప్‌కి మాటల మోజు, వాండెమార్‌కి ఎప్పుడూ ఆకలి. ఇది గుర్తుంటే ఇద్దరూ కలిసిపోరు. క్రూప్ వాడే బరువైన పదాలకి డిక్షనరీ తియ్యకండి, కథ నడక పోతుంది. హింస పడకపోతే ఆ పేరాలు దాటండి గాని, వాళ్ల సంభాషణ మాత్రం వదలొద్దు. వాళ్లని పెట్టుకున్నదెవరో ఆచూకీ అందులోనే దొరుకుతుంది.

గంటస్తంభం:
కలిసి చదువుతున్నారు కాబట్టి ఒక మాట. రచయిత తర్వాత సరిచేసిన ప్రతి కూడా అమ్ముతున్నారు, అందరి చేతిలో ఒకటే ఉండకపోవచ్చు. పేజీ నంబరు కాకుండా అధ్యాయం నంబరు చెప్పుకోండి.