జీడి తగిలి మూడు రోజులాయె, కొబ్బరినూనె పెట్టినా కొత్త బొబ్బలు లేస్తనే ఉన్నయ్, ఎవరన్న చెప్పండి

అంకీసా రైతుబిడ్డ:
పొద్దుగాల నుంచి ఫోన్ పట్టుకొనే కూసున్న, ఒక్కొక్కలు ఒక్కోటి చెప్తున్నరు. మా బాపుకు జీడి తగిలింది. చేతులు, మెడ, కండ్ల చుట్టూ ఉబ్బి ఎర్రగైనయ్, బొబ్బలు లేసి నీళ్ళు కారుతున్నయ్. మా అవ్వ కొబ్బరినూనె రాస్తున్నది, పక్కింటాయన చింతాకు నూరి పెట్టమంటే అది కూడా పెట్టినం. ఒక దగ్గర తగ్గినట్టు అనిపిస్తది, ఇంకో దగ్గర కొత్తగ లేస్తది. ఆ నీళ్ళు అంటుకునే పాకుతున్నదా ఏంది? రాత్రంతా గోక్కుంటనే ఉన్నడు, నిద్ర లేదు. జర జల్ది చెప్పండన్నా.

పర్లాకిమిడి:
మాకూ జీడితోట ఉంది తమ్ముడూ. పచ్చి పిక్కలు ఒలిచినప్పుడు ఆ నూనె అంటుకుంటే తోలు ఊడొచ్చేస్తాది. మా ఆడోళ్ళు చేతులకి బూడిద రాసుకుని మరీ ఒలుస్తారు. మీ నాన్న పిక్కల పనికెళ్ళారా?

అంకీసా రైతుబిడ్డ:
జీడిమామిడి కాదన్నా. అడవి జీడి. నల్ల గింజ.

ఆకుపసరు:
ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. అసలు జీడి అంటే ఈ నల్లజీడే, మన అడవుల్లో పుట్టి పెరిగింది ఇదే. జీడిమామిడి పోర్చుగీసువాళ్ళతో బ్రెజిల్ నుంచి వచ్చింది, మన జీడిలాగే గింజ బయటికి వేలాడుతూ చర్మం కాల్చే సొన ఉందని దానికి మనవాళ్ళు ఆ పేరు తగిలించారు. శాస్త్రంలో కూడా ఇదే గందరగోళం, జీడిమామిడి అనకార్డియం, నల్లజీడి సెమికార్పస్ అనకార్డియం, రెండూ మామిడి కుటుంబమే. సంస్కృతంలో భల్లాతకం, మరాఠీలో బిబ్బా, హిందీలో భిలావా. ఎండిన ఆకురాల్చు అడవుల్లో పెరుగుతుంది, పెద్ద పెద్ద ఆకులు, నారింజ రంగు కండ మీద నల్ల గింజ. గింజ పెంకులో ఉండే నల్ల రసమే ప్రమాదం. చాకలివాళ్ళు సూదితో గింజ పొడిచి ఆ రసంతో బట్టల మీద గుర్తు పెట్టి సున్నం అద్దేవాళ్ళు, ఎన్నిసార్లు ఉతికినా పోదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మనదేశంలో ఉన్న అమెరికా సైనికులకి ఆ గుర్తు ఆనుకునే చోట, మెడ వెనకాల దద్దుర్లు వచ్చాయి, అప్పటి డాక్టర్లు దాన్ని రాసిపెట్టారు కూడా.

గోదారి గట్టు:
హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. కంటి చుట్టూ వాపు అంటున్నారు.

పర్లాకిమిడి:
మా వైపు జీడి అంటే జీడిపప్పు చెట్టే, దీన్ని ఒడియావోళ్ళు భాలియా అంటారు. మీరన్నదే అసలు జీడి అంటే మేం ఒప్పుకోం.

మందులషాపు:
పేర్ల సంగతి తర్వాత చూద్దాం. బాబూ, ఎప్పుడు తగిలింది, ఏం చేస్తుంటే తగిలింది? ఆ రోజు వేసుకున్న బట్టలు ఏమయ్యాయి? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఇవేవీ రాయలేదు.

అంకీసా రైతుబిడ్డ:
ఆదివారం చేను కంచెకు జీడి కొమ్మలు కొట్టుకొచ్చిండు. అప్పుడేం కాలే, మంగళారం నుంచి లేసినయ్. బట్టలంటే అంగీ ఉతికినం, తువ్వాల మాత్రం మెడమీదనే ఉంటది ఎప్పుడూ. గొడ్డలి రోజూ పట్టుకుంటనే ఉన్నడు, కంచె పని ఇంకా అయిపోలే. మిగిలిన కట్టె నీళ్ళ పొయ్యిల పెడుతున్నం. అక్క కొడుకు కండ్లు మండుతున్నయని నిన్నటి సంది ఏడుస్తున్నడు, అది వేరే అనుకున్న.

మందులషాపు:
వేరే కాదు. ముందు ఆ కట్టె పొయ్యిలోంచి తీసి బయట పడేయండి, ఈ పొగ కంటికీ గొంతుకీ చాలా చెడ్డది. బొబ్బల నీళ్ళతో అంటుకోదు, ఎవరికీ పాకదు. పాకుతున్నది తువ్వాలకీ గొడ్డలి కర్రకీ పట్టుకున్న సొన, రోజూ అదే చేత్తో పట్టుకుని అదే చెయ్యి మొహానికి రాసుకుంటున్నారు. ఒక్కోచోట చర్మం మందంగా ఉంటే ఆలస్యంగా లేస్తుంది కూడా, ఇది ఒకట్రెండు రోజులాగి బయటపడే ఎలర్జీ. చేతులకి ఏదన్నా చుట్టుకుని గొడ్డలి కర్ర, తువ్వాల, లుంగీ, చెప్పులు అన్నీ సబ్బుతో బాగా కడగండి. గోళ్ళ సందులు కూడా. బొబ్బలు చిదపొద్దు, చల్లటి తడిగుడ్డ వేయండి. చింతాకు, నూనె ఆపేయండి. జీడి పని చేసేవాళ్ళు ముందే నూనె రాసుకోవడం నేను చూశా, అది సొన అంటుకోకుండా, బొబ్బలొచ్చాక కాదు. కండ్ల వాపుకి డాక్టరే చూడాలి, ఇంతగా ఉంటే స్టెరాయిడ్ ఇవ్వాల్సి రావచ్చు, షాపులో అడిగి మీ అంతట మీరు కొనకండి. పిల్లాడిని కూడా తీసుకెళ్ళండి. ఊపిరాడనట్టు ఉంటే అరగంట కూడా ఆగొద్దు.

ఇంద్రావతి ఒడ్డు:
జీడికట్టె పొయ్యిల పెట్టద్దని మా తాత నెత్తి నోరు కొట్టుకొని చెప్పేటోడు. మాకు నది అవతల ఛత్తీస్‌గఢ్‌ల హరేలి పండుగకు ఇదే కొమ్మ పొలంల నాటుతరు, పంటకు చెడు తగలద్దని. గడపకు నిమ్మకాయ మిరపకాయలతోని జీడిగింజ కట్టుడు మన దగ్గర కూడా ఉన్నది. దగ్గర పెట్టుకుంటరు గానీ దాని పని చేసేటప్పుడు భయపడుతరు.

కొత్తమెంబర్:
మా అమ్మకి కీళ్ళనొప్పులు, భల్లాతకం మంచిదని విన్నాను, గింజలు దొరికితే ఎలా వాడాలి?

ఆకుపసరు:
ఇంట్లో వాడొద్దు. దానికి శోధన, అంటే విషం తీసే శుద్ధి, ఉంటుంది, ఇటుకపొడిలో పొర్లించి రుద్ది నూనె పీల్పించి, కడిగి, ఇంకా చాలా ఉంది. అది చేసే వైద్యుడికి కూడా చేతులు పొక్కుతాయి. పచ్చి గింజ నోట్లో పెడితే నోరంతా పుళ్ళు.

పర్లాకిమిడి:
మరి బజార్లో మరాఠీవోళ్ళు గోడంబి అని లడ్డూల్లో వేసుకుంటారు కదా, అది ఇదే అంటున్నారు?

ఆకుపసరు:
అదే. పెంకు తీసిన లోపలి పప్పు. తీయడం తెలిసినవాళ్ళు తీస్తారు.

గోదారి గట్టు:
అతను హాస్పిటల్‌కి వెళ్ళాడా లేదా?

అంకీసా రైతుబిడ్డ:
కట్టె తీసేసినం. తువ్వాల ఇస్తలేడు, కొట్లాడి తీసుకున్న. ఇద్దర్ని తీసుకొని సిరొంచ దవాఖానకు పోతున్న, బండి దొరికింది. థాంక్స్ అన్నలకు.

కొత్తమెంబర్:
గోడంబి సిరొంచలో దొరుకుతుందా, ఎవరికైనా తెలుసా?