సలా ఉండిపోయాడు! ఈ వయసులో రెండేళ్ల కాంట్రాక్టు సరైనదేనా?

పర్లాకిమిడి_రెడ్
12 ఏప్రిల్ 2025

ఈజిప్టు ఫుట్‌బాల్ ఆటగాడు మొహమ్మద్ సలా 2027 దాకా మన ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్‌లోనే ఉంటాడు. నిన్న మధ్యాహ్నం క్లబ్ ప్రకటించింది. ఆన్‌ఫీల్డ్ మైదానం నడిమధ్యన సింహాసనం వేసి అతన్ని కూర్చోబెట్టి వీడియో కూడా తీశారు. మా హార్డ్‌వేర్ షాపులో సిమెంటు లోడు దిగుతున్న టైమ్‌లో చూశాను. ఆ తర్వాత సాయంత్రం దాకా ఎవరొచ్చినా ఇదే మాట చెప్పాను. ఫుట్‌బాల్ అంటే ఏంటో తెలియని మేస్త్రీలకు కూడా చెప్పాను.

పోయిన సెప్టెంబరు నుంచి ఎంత టెన్షన్ పడ్డామో ఇక్కడున్న రెడ్స్ (లివర్‌పూల్ ఫ్యాన్స్) అందరికీ తెలుసు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 3-0తో ఓడించిన రోజే తనకిది ఆఖరి ఏడాది అన్నాడు. నవంబరులో సౌతాంప్టన్ మీద రెండు గోల్స్ కొట్టి గెలిపించాడు, బయటికొచ్చి క్లబ్ నుంచి ఇంకా ఆఫరే రాలేదని, ఉండేదానికన్నా వెళ్లిపోయేదే ఎక్కువని చెప్పాడు. జనవరి వచ్చాక భయం ఇంకా పెరిగింది. కాంట్రాక్టులో ఆర్నెల్లే మిగిలితే బయటి దేశాల క్లబ్బులతో ముందే ఒప్పందం చేసుకోవచ్చు. 1995 బోస్‌మన్ తీర్పు పుణ్యమా అని, గడువు ముగిశాక వెళ్లే ఆటగాడికి కొత్త క్లబ్ పైసా కట్టక్కర్లేదు. 2023లో సౌదీ క్లబ్ అల్ ఇత్తిహాద్ 150 మిలియన్ పౌండ్ల దాకా ఇస్తామంటే మనవాళ్లు వద్దన్నారు. అలాంటి ఆటగాడు ఉత్తపుణ్యానికి పోతాడేమో అనుకుంటే నిద్ర పట్టేది కాదు.

మా బావది పాతపట్నం. యునైటెడ్ ఫ్యాన్. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "ఏరా, మీవోడు సౌదీకి టికెట్ తీసేశాడా?" అని అడిగేవాడు. నిన్నటి నుంచి ఫోన్ లేదు.

ఆ భయం ఊరికే వచ్చింది కూడా కాదు. 2018లో ఎమ్రె చాన్, 2021లో వైనాల్డమ్, 2023లో ఫిర్మినో అందరూ కాంట్రాక్టు అయిపోయి ఫ్రీగా పోయినవాళ్లే. ముప్పై దాటిన ఆటగాడికి పెద్ద ఒప్పందం రాయాలంటే మన ఓనర్లు ఫెన్‌వే వాళ్లు వెనకాడతారు. ఈసారి ఒకేసారి ముగ్గురివి జూన్‌లో అయిపోతున్నాయి: సలా, కెప్టెన్ వాన్ డైక్, డిఫెండర్ ట్రెంట్.

నాకు ఇంకో కారణం ఉంది. పొద్దున షాపు తెరిచేముందు కాలేజీ గ్రౌండ్‌లో పిల్లలకి ఆట నేర్పిస్తాను. వాళ్లలో ఎడమకాలి పిల్లాడొకడున్నాడు. కుడి పక్క నుంచి లోపలికి ఎలా రావాలో నోటితో ఎంత చెప్పినా ఎక్కలేదు. సలా వీడియోలు ఫోన్‌లో పెట్టి, బంతి కాలికి వచ్చేముందు భుజం ఎటు తిప్పుతున్నాడో, డిఫెండర్ బరువు ఏ కాలి మీద పడేదాకా ఆగుతున్నాడో ఆపి ఆపి చూపిస్తే వారంలో పట్టేశాడు. గుమ్మా, కాశీనగర్ వైపు నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలున్నారు. వాళ్లకు సలా కథే చెబుతాను. నగ్రిగ్ అనే పల్లె నుంచి కైరోలో ప్రాక్టీసుకి వెళ్లడానికి పద్నాలుగేళ్ల వయసులో బస్సులు మారుతూ నాలుగైదు గంటలు ప్రయాణం చేసేవాడు, మళ్లీ అంతసేపూ వెనక్కి. ఆ మాట విన్నాక మా పిల్లల్లో బస్సు లేటయిందని సాకు చెప్పేవాళ్లు తగ్గారు.

ఇప్పుడు అడగాలనుకున్నది. జూన్‌లో అతనికి 33 వస్తాయి, కాంట్రాక్టు పూర్తయ్యేసరికి 35. రెండేళ్లు ఇవ్వడం సరైనదేనా? ఇచ్చేటప్పుడు ఏప్రిల్ దాకా నాన్చడం దేనికి? నా సంతోషం సంగతి పక్కన పెట్టి, మీకేమనిపిస్తోందో దాచకుండా చెప్పండి.

బరంపురం_మాస్టారు
12 ఏప్రిల్

బాబూ, నీ పోస్టు చదివితే 2005 జులై గుర్తొచ్చింది. ఇస్తాంబుల్‌లో మిలాన్ మీద 3-0 వెనకబడి ఛాంపియన్స్ లీగ్ కప్పు గెలిచి రెండు నెలలు కాలేదు, కెప్టెన్ గెరార్డ్ కొత్త కాంట్రాక్టు వద్దన్నాడు. చెల్సీ డబ్బు పట్టుకుని సిద్ధంగా ఉంది. లివర్‌పూల్‌లో అతని పేరున్న జెర్సీని తగలబెట్టారు. ఇక్కడ బరంపురంలో నేను గిరి రోడ్డు దగ్గర నెట్ సెంటర్‌లో కూర్చుని పేజీ తెరుచుకునేదాకా దేవుడికి దండం పెట్టుకున్నాను. మర్నాటికల్లా మనసు మార్చుకుని ఉండిపోయాడు. 2006 ఎఫ్ఏ కప్ ఫైనల్లో వెస్ట్ హామ్ మీద ఆఖరి నిమిషాల్లో అంత దూరం నుంచి కొట్టి 3-3 చేశాడే, ఆ గోల్ చూస్తూ ఇతను పోయి ఉంటే ఏమయ్యేదని అనుకున్నాను.

మన స్ట్రైకర్ సువారెజ్ సంగతి వేరు. 2013లో పోతానని పట్టుబట్టాడు. ఆర్సెనల్ 40 మిలియన్ల మీద ఒక్క పౌండు కలిపి ఆఫర్ ఇచ్చింది. క్లబ్ కదలనివ్వలేదు. ఆ ఏడాది లీగ్‌లో 31 గోల్స్ కొట్టాడు, ఒక్కటీ పెనాల్టీ కాదు. తర్వాతి వేసవిలో బార్సిలోనా వెళ్లిపోయాడు. కాగితం పట్టి ఆపితే ఒక ఏడాది ఆగుతాడు, అంతే.

సలాని ఆపడానికి ఎవరి చేతిలోనూ కాగితం లేదు. జనవరి నుంచి తలుపు తెరిచే ఉంది. అయినా ఉండిపోయాడు. అందుకే నా లెక్కలో ఇది ఆ రెండింటికన్నా పెద్దది.

రాయగడ_రైట్‌బ్యాక్
12 ఏప్రిల్

అన్నా, మాస్టారూ, మీ ప్రేమకి గౌరవం ఇస్తూనే వేరే మాట చెబుతాను. వెళ్లిపోయినవాళ్ల వల్లే మన టీమ్ ఈ స్థాయికి వచ్చింది. 2018 జనవరిలో కౌటిన్హోని బార్సిలోనాకి అమ్మినప్పుడు నేను ఏడ్చాను. అదే నెలలో వాన్ డైక్ వచ్చాడు, వేసవిలో ఆలిసన్ వచ్చాడు. 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో లీగ్ వచ్చాయి. మానేని 2022లో ముప్పై ఏళ్లకు బయర్న్‌కి ఇచ్చారు, అక్కడ ఒక్క సీజన్ ఆడి సౌదీ వెళ్లిపోయాడు. అప్పుడు అమ్మడం తప్పని ఎవరైనా అనగలరా?

వేగం మీద బతికే వింగర్‌కి (గీత పక్కన ఆడేవాడికి) 35 దాకా జీతం రాసిస్తే పక్కన కొత్త కుర్రాడు ఎప్పుడు ఎదుగుతాడు? మార్చిలో పారిస్ క్లబ్ పీఎస్‌జీ మీద రెండు మ్యాచ్‌ల్లో వాళ్ల డిఫెండర్ నూనో మెండెస్ అతన్ని కదలనివ్వలేదు. అదే వారం లీగ్ కప్ ఫైనల్లో న్యూకాజిల్ మీద బంతే అందలేదు. అలసట కనబడుతోంది. ఒక ఏడాదే ఇచ్చి ఉండాల్సింది.

పర్లాకిమిడి_రెడ్
12 ఏప్రిల్, రాత్రి

తమ్ముడూ, కౌటిన్హో దగ్గర నీ వాదన తప్పుతోంది. అతని కాంట్రాక్టులో ఇంకా ఏళ్లు మిగిలున్నాయి కాబట్టే అంత డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో ఆలిసన్ వచ్చాడు. సలా జూన్‌లో పోతే వచ్చేది సున్నా. ఈ సీజన్ ఇప్పటిదాకా అన్ని పోటీల్లో కలిపి 45 మ్యాచ్‌లు, 32 గోల్స్, 22 అసిస్ట్‌లు (వేరేవాళ్ల గోల్‌కి అందించిన పాస్‌లు). సున్నా రూపాయలు పెట్టి ఆ గోల్స్ ఎక్కడ కొంటావు? ఒక ఏడాదే ఇస్తే వచ్చే జనవరికి మళ్లీ ఇదే కథ, మళ్లీ అవే పుకార్లు. అది టీమ్ మొత్తాన్ని తినేస్తుంది.

వేగం మాట ఒప్పుకోను. ఇప్పుడతను బతుకుతున్నది ఒట్టి వేగం మీద కాదు. 2017-18లో 32 లీగ్ గోల్స్ కొట్టిన సలా డిఫెన్స్ వెనక్కి పరుగెత్తేవాడు. ఇప్పటి సలా గీత పక్కనే నిలబడి, బంతి తీసుకుని, తోటి ఫార్వర్డ్ డియాజ్ ఎక్కడికి వస్తాడో ముందే చూసి ఇస్తున్నాడు. అసిస్ట్‌లు అందుకే పెరిగాయి. ఈ సీజన్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ తప్పలేదు. గాయాలకు దూరంగా ఉండటం కూడా గొప్ప విద్యే, దానికోసం ఆ మనిషి ఎంత కష్టపడతాడో అతనితో ఆడినవాళ్లంతా చెబుతారు.

పీఎస్‌జీ మ్యాచ్‌లు బాగా ఆడలేదు, నిజం. ఆ వారం టీమ్ మొత్తం కాళ్లీడ్చింది.

మోహన_గ్రౌండ్
13 ఏప్రిల్

సలా సంగతి మీరంతా నాకన్నా బాగా చెబుతారు. ఏప్రిల్ దాకా ఎందుకు నాన్చారని అడిగారు కదా, దాని గురించి రాస్తాను.

మా మోహన, ఆర్.ఉదయగిరి కొండ ఊళ్లలో వరి కోతలయ్యాక టోర్నమెంట్లు మొదలవుతాయి. పెద్ద టోర్నమెంట్ అయితే నగదు, చిన్నదైతే మేకపోతు. ప్రతి జట్టూ బయటి నుంచి మంచి ఆటగాళ్లని డబ్బిచ్చి తెచ్చుకుంటుంది. కాంట్రాక్టు అనే మాటే లేదు, నోటిమాటే. మా జట్టులో ఒక సవర కుర్రాడు ఉండేవాడు. రెండు కాళ్లతోనూ కొట్టేవాడు, గాలిలో బంతికి ఎగిరితే ఎవరికీ అందేవాడు కాదు. ఆంధ్రా వైపు జట్టొకటి బూట్లు కొనిస్తాం, మ్యాచ్‌కింత ఇస్తాం అని పిలిచింది. వాడు నేరుగా మా కమిటీ దగ్గరికి వచ్చి, వచ్చే ఏడాది నేను మీకు కావాలా అని అడిగాడు. డబ్బు అడగలేదు. కమిటీ పెద్దలు ఫైనల్ అయ్యాక చూద్దాంలే అన్నారు. ఫైనల్ గెలిచాం. వాళ్లు చూసే లోపే వాడు వెళ్లిపోయాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. అడిగినప్పుడు "కావాలి" అన్న ఒక్క మాట చెప్పి ఉంటే ఉండేవాడని నా నమ్మకం.

నవంబరులో ఆఫర్ రాలేదని సలా బయటపెట్టినప్పుడు చాలామంది గర్వం అన్నారు. నాకు మా కుర్రాడి ముఖమే కనబడింది. ఆటగాడు నోరు తెరిచి అడిగేదాకా తెచ్చుకోవడమే క్లబ్ చేసిన తప్పు. కాంట్రాక్టులో ఏడాది ఉండగానే కూర్చుని మాట్లాడాల్సింది.

పర్లాకిమిడి_రెడ్ అన్నా, మీ ఎడమకాలి పిల్లాణ్ణి ఎండాకాలం సెలవుల్లో ఒకసారి మోహన పంపండి. మా పిల్లలతో ఆడితే గట్టిపడతాడు.

బల్లార్షా_గన్నర్
13 ఏప్రిల్

మాది మహారాష్ట్ర వైపు, చంద్రపూర్ జిల్లా. ఆర్సెనల్ ఫ్యాన్‌ని. మీ చర్చలోకి వచ్చినందుకు ఏమీ అనుకోకండి.

మా టీమ్‌కి 2011లో ఫాబ్రెగాస్ పోయాడు, నస్రీ పోయాడు. 2012లో వాన్ పెర్సీ. కాంట్రాక్టులో ఒక్క ఏడాది మిగిలిందని 24 మిలియన్లకు యునైటెడ్‌కి అమ్మారు. ఆ ఏడాదే అతని గోల్స్‌తో యునైటెడ్ లీగ్ గెలిచింది. అప్పుడు నేను పదో తరగతి. ఆ బాధ ఇంకా పోలేదు. సలా పోతే వచ్చే ఏడాది మాకు మేలే, కానీ మీరెవరూ ఆ బాధ పడాలని నేను కోరుకోను. మీ కెప్టెన్‌తో కూడా తొందరగా సంతకం చేయించుకోండి.

పర్లాకిమిడి_రెడ్
18 ఏప్రిల్

అందరికీ థాంక్స్. బల్లార్షా తమ్ముడి నోటి మాట ఫలించింది, వాన్ డైక్ కూడా నిన్న 2027 దాకా సంతకం చేశాడు.

ఆదివారం వెస్ట్ హామ్ మ్యాచ్ చూశారా? మొదటి గోల్ చూశాక రాయగడ తమ్ముడికి జవాబు మళ్లీ రాయక్కర్లేదు అనిపించింది. సలా ఎడమ బూటు బయటి అంచుతో పంపిన బంతి డిఫెండర్లని దాటి సరిగ్గా డియాజ్ కాలి ముందు పడింది. 86వ నిమిషంలో మన డిఫెండర్ రాబర్ట్‌సన్ కాలికి తగిలి సెల్ఫ్ గోల్ అయినప్పుడు నా చేతులు వణికాయి. మూడు నిమిషాల్లో కార్నర్‌కి వాన్ డైక్ తలతో కొట్టాడు. 2-1. ఆరు మ్యాచ్‌లు మిగిలుండగా 13 పాయింట్ల ఆధిక్యం. ఆ గెలుపు వెనకున్న ఇద్దరూ వచ్చే ఏడాది కూడా మనవాళ్లే. వారం కిందట ఇద్దరిదీ తెలియదు.

మోహన అన్న రాసింది మాత్రం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఇంతకాలం సలా ఉంటాడా పోతాడా అని మాత్రమే అడిగాను, క్లబ్ అతన్ని ఎలా చూసిందన్నది పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇప్పుడు ట్రెంట్ విషయంలోనూ అదే జరిగింది. ఆరేళ్ల వయసు నుంచి ఇక్కడే పెరిగిన కుర్రాడు, కాంట్రాక్టు జూన్‌లో అయిపోతోంది, రియల్ మాడ్రిడ్ పేరు రోజూ వినబడుతోంది. పోతే నాకు కడుపు మండుతుంది. కానీ అతని జెర్సీ తగలబెడతామనేవాళ్లతో నేను కలవను. ఇరవై ఐదు దాటిన ఆటగాడి కాంట్రాక్టుని ఆఖరి ఏడాదిలోకి రానిచ్చిన క్లబ్‌ని ముందు అడగాలి.

మా పిల్లాణ్ణి మే నెలలో మోహన తీసుకొస్తాను అన్నా, వాళ్ల నాన్న ఒప్పుకున్నాడు.

లెస్టర్‌తో మ్యాచ్ ఆదివారం రాత్రి 9కి. పర్లాకిమిడి, పాతపట్నం వాళ్లు ఎవరున్నా షాపు దగ్గరికి రండి, గోడకి టీవీ బిగించాను. బావ కూడా వస్తానన్నాడు.