క్యాప్చాలో ప్రకటన పెడితే బాట్లకు దారి ఇచ్చినట్టేనా?

నేనొక చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాను. రిజిస్ట్రేషన్ పేజీలో ఇప్పుడు వంకర అక్షరాల క్యాప్చా ఉంది, అంటే వచ్చింది మనిషో, బాటో (తనంతట తానే పనిచేసే ప్రోగ్రామో) తేల్చే పరీక్ష. దాని బదులు ప్రకటన చూపించి, అందులోని నినాదాన్ని టైప్ చేయిస్తే హోస్టింగ్ ఖర్చయినా వస్తుందని ఆలోచన. 2010లో సాల్వ్ మీడియా అనే కంపెనీ ఇలాంటిదే తెచ్చింది. చదవడానికి తేలిక, నిజమే. కానీ నా టెన్షన్ వేరు. నినాదాలు కొన్నే ఉంటాయి, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. ఏ బొమ్మకు ఏ జవాబో బాట్ ఒకసారి దాచుకుంటే ఇక అడ్డేముంది? పైగా చూపు లేనివాళ్లు తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వస్తారు. వాళ్లకు ఆడియో లేకపోతే గుమ్మంలోనే ఆపేసినట్టు, అది నాకు అస్సలు ఇష్టం లేదు.

ఎవరైనా వాడి చూశారా? స్పామ్ పెరిగిందా? ప్రకటనను క్యాప్చాలో కలపకుండా పక్కన విడిగా పెట్టడమే మేలా? దయచేసి చెప్పండి.